పరదేశి వాద్యానికి మన గొంతు: ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితం

రేవు పట్టణానికి ఒక స్వభావం ఉన్నది. అక్కడికి వచ్చే వస్తువులలో అధికభాగం ఆగకుండా సాగిపోతాయి. ఓడ దిగిన సరుకు బండి ఎక్కుతుంది. బండి దిగిన ఖనిజం ఓడ ఎక్కుతుంది. కాని లెక్కల పుస్తకాలలో చేరకుండానే తీరాన దిగే సరుకులు కొన్ని ఉంటాయి. ఒక మాట, ఒక వంటకం, ఒక పాట వరుస, ఒక వాద్యం - ఇటువంటివాటికి సుంకం లేదు, గోదాము లేదు. ఎవరైనా చేరదీసి సాకితే అవి ఈ నేలలో వేళ్లూనుకొంటాయి. లేకుంటే వచ్చిన దారినే పోతాయి. అటువంటి ఒక పరదేశి వాద్యాన్ని ఒడిలోకి తీసుకొని, దానిచేత తెలుగు కృతులను తెలుగు గొంతుతోనే పలికించిన మహావిద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన పెరిగిన ఊరు విశాఖపట్నం. ఆయన పట్టిన వాద్యం నాలుగు తంత్రుల ఫిడేలు.

జనం ఆయనను ఆప్యాయంగా ఫిడేలు నాయుడుగారని పిలుచుకొన్నారు. ఆ వాద్యానికి మనలో ఉన్న పేర్లను ఒకసారి గమనించండి. ఫిడేలు అన్న మాట ఆంగ్లేయుల నోటినుంచి వచ్చి తెలుగు వేషం వేసుకొన్నది. వయొలిన్ అనే ధ్వనిని చెవిలో పెట్టుకొని పండితులు కల్పించుకొన్న సంస్కృత నామం వాయులీనం. ఇక తంత్రులమీద నడిచే విల్లును మన వాద్యకులు కమాను అంటారు. కమాన్ అంటే పారసీకంలో విల్లు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఆ మాట కొత్తది కాదు. అంటే ఒక విద్వాంసుడు ఫిడేలు ఒడిలో పెట్టుకొని కమాను చేతబట్టే సరికి మూడు భాషలు ఆ చాపమీద ఒద్దికగా కూర్చొన్నట్లే. వాటిలో ఏది సొంతం, ఏది పరాయి అని విడదీయబోతే వాద్యం మూగపోవడం తప్ప వేరు ఫలితం ఉండదు.

ఈ వాద్యపు పుట్టుపూర్వోత్తరాలు కూడ ఇటువంటివే. విల్లుతో మీటే అరబ్బుల రబాబ్ మధ్యయుగాలలో స్పెయిన్ మీదుగాను, బైజాంటియం మీదుగాను ఐరోపాలో ప్రవేశించినదని సంగీత చరిత్రకారులు చెబుతారు. అక్కడ అది రెబెక్ అనే పేరుతో కొంతకాలం బ్రతికినది. ఆ రెబెక్‌తోపాటు మరికొన్ని విల్లు వాద్యాల గుణాలను కలుపుకొని 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో నేటి వయొలిన్ రూపుదిద్దుకొన్నది. క్రెమోనా పట్టణంలో అమాటీ కుటుంబంవారు, వారి తరువాత స్ట్రాడివారీ దాని కొలతలను తీర్చి స్థిరపరచారు. తూర్పునుంచి పడమటికి వెళ్లిన విల్లు పడమటి చెక్కపనితో సంస్కారం పొంది, కంపెనీవారి ఓడలలో మళ్లీ తూర్పుకు వచ్చినదన్నమాట.

దక్షిణ భారతంలో ఆ వాద్యాన్ని మొదట మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు బాలుస్వామి దీక్షితులు. ఆయన ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. వారి కుటుంబం మద్రాసు సమీపాన మణలిలో ఉన్న రోజులలో అక్కడి జమీందారు ఆదరణవల్ల సెయింట్ జార్జి కోటలో కంపెనీవారి బ్యాండు వాయించే బాణీలు ఆ సోదరుల చెవిన పడ్డాయి. బాలుస్వామి ఒక ఐరోపా వాద్యకుని వద్ద ఫిడేలు నేర్చుకొన్నాడు. ముత్తుస్వామి దీక్షితులు ఆ బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలను రచించాడు. తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలు తిరువాన్కూరు ఆస్థానంలో ఈ వాద్యానికి గౌరవం సంపాదించాడు. కోటలో సిపాయిల కవాతుకు వాయించిన బ్యాండు ఒకటి, కోట బయట దేవతాస్తుతులకు వరుసలు ఇచ్చి పోవడం మన సంగీత చరిత్రలోని చిత్రాలలో ఒకటి.

వాద్యం చేతులు మారగానే దాని కూర్చునే తీరు మారినది. ఐరోపా వాద్యకుడు నిలబడి దానిని గడ్డంకింద ఇరికించుకొంటాడు. మనవారు నేలమీద బాసీపట్టు వేసుకొని, దాని తలను కుడిపాదపు మడమదగ్గర ఆనించి, రెండవ కొసను ఎడమ భుజానికి అదుముకొన్నారు. ఎడమచేతికి వాద్యాన్ని మోసే భారం తప్పినది. వేళ్లు తంత్రిమీద పైనుంచి కిందికి జారడానికి స్వేచ్ఛ కలిగినది. శ్రుతిని కూడ షడ్జ పంచమాలకు మార్చుకొన్నారు. వీణకున్నట్లు మెట్లు లేవు గనుక, ఒక స్వరంనుంచి మరొక స్వరానికి గొంతు ఎట్లా జారుతుందో వేలు కూడ అట్లాగే జారగలదు. గమకమే ప్రాణంగా గల మన సంగీతానికి ఇంతకన్న అనుకూలమైన వాద్యం వేరొకటి దొరకడం కష్టం. అయినా నూరేండ్లు దాటినా దాని స్థానం పక్కవాద్యపు స్థానమే. గాయకుడు పాడినదానిని వెంటాడి, ఆయన ఊపిరి తీసుకొనేచోట ఖాళీ పూరించడమే దాని పని. ఎంతటి విద్వాంసుడైనా ఫిడేలు పట్టినవాడు వేదిక ప్రక్కనే కూర్చోవాలి. ఈ ఆనవాయితీని మార్చే పని విశాఖలో పెరిగిన ఒక కుర్రవాని వంతు అయినది.

వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి అమావాస్యనాడు, బెంగుళూరులో జన్మించారు. బాల్యం విశాఖపట్నంలో గడిచినది. నేడు మనం చూస్తున్న విశాఖ కాదు అది. లోపలి రేవు 1933లోగాని ప్రారంభం కాలేదు. అంతకుముందు ఓడలు సముద్రంలో దూరాన లంగరు వేసేవి. సరుకును, మనుషులను పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. రైలుమార్గం కొత్తగా పడిన కాలమది. రేవు ముఖాన పాత పట్టణంలో మూడు గుట్టలున్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరుని ఆలయం, ఒకదానిమీద ఇస్‌హాఖ్ మదీనా అవులియా దర్గా, మరొకదానిమీద మేరీమాత చర్చి. సముద్రంనుంచి వచ్చేవారికి ఆ మూడూ ఒక్కచూపులోనే కనబడతాయి. నాయుడుగారి ఇంటిపేరు ద్వారం కావడం కేవలం యాదృచ్ఛికమే అయినా, ఆ రేవు పట్టణానికి ఆ పేరు చక్కగా అమరినదనిపిస్తుంది.

ఆయనకు తొలిగురువు అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు. ఆ ఇంట సంగీతం ఉన్నది. పసితనంలోనే చేతికి ఫిడేలు వచ్చినది. కాని కంటికి కావలసినంత చూపు లేదు. నల్లబల్లమీది అక్షరాలు కనబడని పిల్లవానికి బడిచదువు ఎంతకాలం సాగుతుంది? పాఠశాల విద్య మధ్యలోనే ఆగిపోయినది. ఆనాటి సమాజంలో చదువు ఆగిన, చూపు మందగించిన బాలుని భవిష్యత్తు ఏమిటని ఇంటివారు ఎంత కలతపడి ఉంటారో మనం ఊహించవచ్చు. అయితే ఫిడేలుకు కంటితో పని తక్కువ. మెట్లు లేని ఆ వాద్యంమీద ఏ స్వరం ఎక్కడ ఉన్నదో చూపేందుకు గుర్తులేవీ ఉండవు. చూపు ఉన్నవాడు కూడ అక్కడ చెవిని నమ్ముకొని వేలు వేయవలసిందే. బడి వదలిన సమయమంతా సాధనకు దక్కినది. ఉర్దూవారు రియాజ్ అనే మాటకు, తెలుగువారు సాధకం అనే మాటకు ఉన్న బరువు ఎంతటిదో ఆ బాలుడు అందరికన్న ముందు, అందరికన్న గట్టిగా తెలుసుకొన్నాడు.

ఇక్కడ విజయనగరం ప్రస్తావన రావాలి. విశాఖకు అరవై కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్న ఆ సంస్థానం విద్యలకు పెట్టినది పేరు. 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు అక్కడ ఒక సంగీత కళాశాలను స్థాపించారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి సంగీతం నేర్పే ఏర్పాటు చేయాలన్న ఆలోచనే ఆ కళాశాలకు మూలమైనదని చెబుతారు. ఒక్కనికోసం తలపెట్టిన పని వేలమందికి నీడ అయినది. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళ్లిన వెంకటస్వామి నాయుడుగారి వాదనం విన్న పెద్దలు, ఆయనను విద్యార్థిగా కాక ఆచార్యునిగా నియమించారన్న కథ తెలుగునాట విస్తారంగా ప్రచారంలో ఉన్నది. కథలో మెరుగులు ఎన్ని ఉన్నా, ఫలితం మాత్రం నిజం. ఇరువదియారేండ్ల ప్రాయంలో, పాఠశాల విద్య పూర్తికాని యువకుడు, కళాశాలలో వాయులీనాచార్యుడైనాడు.

ఆ కళాశాలకు మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. దాసుగారిని కాళ్లకు గజ్జెలు, చేత చిడతలతో మాత్రమే ఊహించుకోవడం మనకు అలవాటు. కాని ఆయన సంస్కృతాంధ్రాలతోపాటు ఆంగ్లం, పారశీకం, అరబ్బీ అభ్యసించిన బహుభాషావేత్త. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలంనుంచి నేరుగా గ్రహించి, వాటిని, ఫిట్జ్‌జెరాల్డ్ ఆంగ్లానువాదాన్ని కూడ, సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చిన సాహసి. నైషాపూరు కవి విజయనగరం కోటవీధులలో అచ్చతెలుగు పలకడానికి, ఇటలీ వాద్యం అదే ఊరిలో త్యాగరాజ కృతి పలకడానికి ఒకే కాలం, ఒకే విద్యాలయం వేదిక కావడం విశేషం. పరాయిదానిని చూసి బెదరక, దానిముందు తలవంచక, తన భాషాబలంతో దానిని ఆహ్వానించే ధైర్యం ఆ గాలిలోనే ఉన్నది. నాయుడుగారు ఆ గాలిని పదిహేడేండ్లు పీల్చారు. దాసుగారి తరువాత 1936లో కళాశాల అధ్యక్ష పదవి నాయుడుగారికే వచ్చినది.

నాయుడుగారి వాదనంలోని కొత్తదనం ఎక్కడున్నదో తెలియాలంటే ఎడమచేతిని వదలి కుడిచేతిని చూడాలి. గమకం పలికే ఎడమచేతి విద్య మన విద్వాంసులకు అప్పటికే బాగా తెలుసు. కాని ధ్వనిని పుట్టించేది కమాను. గుర్రపు వెంట్రుకలు కట్టిన ఆ కర్ర తంత్రిని ఎంత బరువుతో, ఎంత వేగంతో, ఎంత దూరం రాచుకొంటూ పోతుందో, నాదం అంతమేరకే నిండుగా ఉంటుంది. కమానును పొట్టి పొట్టి విసురులతో నడిపితే స్వరాలు ముక్కలై వినిపిస్తాయి. ఐరోపా వాద్యకులు శతాబ్దాల సాధనతో ఈ కుడిచేతి విద్యను శాస్త్రంగా తీర్చిదిద్దుకొన్నారు. నాయుడుగారు పాశ్చాత్య పద్ధతిని శ్రద్ధతో గమనించి, కమానును ఈ కొసనుంచి ఆ కొసదాకా నిదానంగా, నిండుగా లాగడం అలవరచుకొన్నారు. గాయకుడు దీర్ఘమైన ఒక్క ఊపిరిలో ఎంత పాడగలడో, ఆయన ఒక్క కమాను లాగుడులో అంత పలికించేవారు.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురైనది. కుడిచేయి పడమటి విద్య నేర్చుకొంటే ఎడమచేయి తన విద్య మరచిపోదా? పాశ్చాత్య వాదనంలో స్వరం సూటిగా నిలుస్తుంది. మన రాగంలో స్వరం ఊగుతుంది, జారుతుంది, పక్కస్వరాన్ని తాకి వస్తుంది. అరువు తెచ్చుకొన్న పద్ధతి మోతాదు మించితే తోడి తోడిగా ఉండదు, భైరవి భైరవిగా ఉండదు. పద్ధతిని పూర్తిగా తిరస్కరిస్తే వాద్యం శక్తి సగమే బయటపడుతుంది. నాయుడుగారు ఈ రెండు ప్రమాదాల నడుమ తమ బాటను వేసుకొన్నారు. కమాను పడమటిది, గమకం మనది. కమాను గమకానికి సేవచేసినదేగాని దానిమీద పెత్తనం చేయలేదు. ఆయన వాయిస్తూంటే కృతిలోని సాహిత్యాక్షరాలు వినబడుతున్నట్లే ఉండేదని విన్నవారు చెప్పుకొనేవారు. ఆనాటి గ్రామఫోను రికార్డులు విన్నవారికి ఈ మాటలో అతిశయోక్తి కనబడదు.

ఆ కాలంలో దక్షిణాది వాయులీనానికి ముగ్గురు దిగ్గజాలు. మైసూరు చౌడయ్యగారు, కుంభకోణం రాజమాణిక్కం పిళ్లెగారు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ధ్వనివర్ధకాలు ఇంకా అన్నిచోట్లకు రాని కాలంలో పెద్ద సభలో వెనుక వరుసలవారికి ఫిడేలు వినిపించడం ఒక సమస్య. చౌడయ్యగారు తంత్రుల సంఖ్యను ఏడుకు పెంచి ఆ సమస్యకు ఒక పరిష్కారం కనిపెట్టారు. నాయుడుగారు నాలుగు తంత్రులతోనే ఉండి, కమాను బలంతోనే నాదాన్ని నింపే మార్గం ఎన్నుకొన్నారు. ఒకరు వాద్యాన్ని మార్చారు, ఒకరు చేతిని మార్చుకొన్నారు. రెండు మార్గాలూ గొప్పవే. అయితే చేతిని మార్చుకొన్న మార్గంలో ఖర్చయ్యేది కేవలం కాలం, ఓర్పు; అవి పేద విద్యార్థికి కూడ అందుబాటులో ఉంటాయన్న సంగతి గుర్తుంచుకోదగినది.

1938వ సంవత్సరం వాయులీన చరిత్రలో ఒక మైలురాయి. ఆ ఏడు వెల్లూరులో నాయుడుగారు గాయకుడు లేకుండా, ఫిడేలునే ప్రధాన వాద్యంగా చేసుకొని కచేరీ చేశారు. ఈనాటి మనకు ఇందులో సాహసం ఏమున్నదో వెంటనే తోచదు. ఆనాటి శ్రోతకు సంగీతమంటే ముందు సాహిత్యం, ముందు గొంతు. మాటలు లేని కృతిని రెండు మూడు గంటలు కూర్చొని వినగలడా? వినలేక లేచిపోతే ఆ అవమానం ఒక్క విద్వాంసునిది కాదు. ఇక ముందు వచ్చే పక్కవాద్యకులందరికీ ఆ తలుపు చాలాకాలం మూసుకుపోతుంది. మంచి పేరు, మంచి ఉద్యోగం ఉన్న నలభై ఐదేండ్ల విద్వాంసుడు ఆ పందెం కాయవలసిన అవసరం ఏమీ లేదు. అయినా కాశారు. తలుపు తెరచుకొన్నది. నేడు ఏ సభలోనైనా వాయులీన ద్వయం, వాయులీన త్రయం ప్రధాన కచేరీ చేస్తూంటే, ఆ ఆసనాన్ని వారికి మొదట సిద్ధంచేసినవారిలో నాయుడుగారు అగ్రగణ్యులు.

తరువాత గౌరవాలు వెదకికొంటూ వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వార్షిక సభలకు అధ్యక్షత వహించి సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించినది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. బడిలో కుదురుకోలేకపోయిన పిల్లవానికి విశ్వవిద్యాలయం తానై వచ్చి పట్టం కట్టిన దృశ్యాన్ని విద్యార్థులు ఒక్క క్షణం మనసులో నిలుపుకోవాలి. చదువుకు దారులు అనేకం. వాటిలో ఏ దారిలోనైనా శ్రమకు మినహాయింపు మాత్రం లేదు.

1952లో మరొక ముచ్చట జరిగినది. ప్రపంచ ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశం వచ్చాడు. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న పి. వి. రాజమన్నారుగారు తెలుగువారు, కళాభిమాని, నాటకకర్త. వారి ఇంట నాయుడుగారి వాదనం మెనూహిన్ విన్నాడు, విని ముగ్ధుడైనాడు. ఆ ఇద్దరి చేతులలో ఉన్నది ఒకే వాద్యం. ఒకరు దానిని నిలబడి భుజాన ఎత్తుకొనేవారు. మరొకరు నేలమీద కూర్చొని ఒడిలో పెట్టుకొనేవారు. ఐరోపావారు తమ సొత్తుగా భావించిన వాద్యానికి ఇటువంటి మరొక గొంతు ఉన్నదని మెనూహిన్ అక్కడ ప్రత్యక్షంగా తెలుసుకొన్నాడు. కంపెనీ బ్యాండుదగ్గర మనం తీసుకొన్న అప్పును నూటయాభై ఏండ్లకు వడ్డీతో తీర్చినట్లు అయినది. తరువాతి కాలంలో మెనూహిన్ భారతీయ విద్వాంసులతో కలసి వేదికలెక్కడం, ప్రాక్పశ్చిమ వాద్యసమ్మేళనాలు లోకంలో ఆదరణ పొందడం అందరికీ తెలిసినదే.

పేరు పెరిగినకొద్దీ ఆయన పాఠం చెప్పడం మానలేదు. తంబురా నాదపు విశేషాన్ని గురించి శాస్త్రదృష్టితో ఆలోచించి రచన చేశారు. శ్రుతి శుద్ధిగా లేనివానికి రాగం లేదన్నది ఆయన బోధనకు పునాది. తమకు చూపు సరిగా లేకపోవడంచేత అంధుల కష్టం ఆయనకు బాగా తెలుసు; వారి సహాయార్థం కచేరీలు చేశారు. అంధబాలుని కోసం పుట్టినదని చెప్పుకొనే కళాశాలకు చూపు మందగించిన విద్వాంసుడు అధ్యక్షుడై నడపడంలో ఒక న్యాయం ఉన్నది. కుమార్తె ద్వారం మంగతాయారుగారు వాయులీన విదుషిగా ఆ బాణీని ముందుకు తీసుకువెళ్లారు. ద్వారం అన్న ఇంటిపేరు క్రమంగా ఒక వాదన సంప్రదాయానికి పేరైనది.

ఆయన అధ్యక్షులుగా ఉన్న కాలంలో విజయనగరం సంగీత కళాశాలకు వచ్చి చదువుకొన్నవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఒకరు. పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికంలో ఆయన గాత్రం అక్కడే పదునెక్కినది. పి. సుశీలగారు కూడ ఆ కళాశాల విద్యార్థినియే. ఈ ఇద్దరి గొంతులు తెలుగు చలనచిత్ర సంగీతాన్ని దశాబ్దాలపాటు పాలించాయి. ఆ పాటల వెనుక వరుసలు తీరి కూర్చొని వాయించినవి వాయులీనాలే. ఒక ప్రక్క వాయులీన బృందం, మరొక ప్రక్క తబలా, షెహనాయి, గిటారు, క్లారినెట్ - వాటిని వాయించినవారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉండేవారు. పల్లెటూరి టీ దుకాణంలో ఆ పాట విన్న శ్రోత ఏ వాద్యం ఏ దేశానిదని అడగలేదు. పాట తనదే అనుకొన్నాడు. అది నిజంగా అతనిదే.

ఇదే దారికి మరొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేము. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు నాదస్వర విద్వాంసులై, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో కన్నుమూశారు. నాయుడుగారు దేశాంతర వాద్యాన్ని మన సంప్రదాయంలోకి తెచ్చారు. మౌలానాగారు ఆలయ సంప్రదాయపు వాద్యాన్ని ఇస్లాం మతానుయాయి చేతులలో వెలిగించారు. ఇద్దరినీ ఆ స్థానానికి తెచ్చినది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. సాధన చేసినవానికే వాద్యం వశమవుతుంది. వశమైన వాద్యాన్ని అతని చేతినుంచి ఏ విమర్శా లాగుకోలేదు.

నాయుడుగారు 1964 నవంబరు 25న స్వర్గస్థులైనారు. విశాఖలో ఉక్కు కర్మాగారానికి మొదటి శంకుస్థాపన 1971లో జరిగినది గనుక, ఉక్కునగరమన్న పేరు వారు వినలేదు. 1993లో శతజయంతి సందర్భాన భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ల విడుదల చేసినది. ఆయన పెరిగిన విశాఖలో ఆయన విగ్రహం నిలిచినది. ఆయన పేర కళాక్షేత్రం వెలసినది. విగ్రహాలకు దండలు వేయడం సులభం. కాని ఆ చేతిలోని కమాను అక్కడికి చేరడానికి ఎన్ని దేశాలు తిరిగినదో, ఆ చేయి దానిని లొంగదీయడానికి ఎన్ని సంవత్సరాలు తీసుకొన్నదో తలచుకొన్నవాడే ఆ విగ్రహాన్ని నిజంగా చూసినవాడు.

ఈనాడు విశాఖ తీరాన సాయంత్రవేళ యువకులు గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డులతో చిన్న చిన్న బృందాలు కట్టి పాడుకోవడం చూస్తాము. ఒకే బృందంలో నాలుగు మాతృభాషలవారు, మూడు మతాలవారు ఉండటం రేవు పట్టణంలో వింత కాదు. ఆ దృశ్యం చూసి మన సంస్కృతి ఏమైపోతుందోనని పెద్దలు కొందరు బెంగపడుతున్నారు. ఆ బెంగను తేలికచేసి మాట్లాడడం తగదు. అరువు తెచ్చుకొన్న బాణీని అచ్చుగుద్దినట్లు తిరిగి అప్పగించేవాడు తన సొంతగొంతు పోగొట్టుకోవడం నిజంగానే జరుగుతుంది. కాని దానికి మందు గిటారును సముద్రంలో పారవేయడం కాదు. ఒకనాడు ఫిడేలును కూడ అట్లాగే పారవేసి ఉంటే మనకు ద్వారం వెంకటస్వామి నాయుడు లేడు.

నాయుడుగారి జీవితం ఈ విషయంలో ఒక కొలబద్ద ఇస్తుంది. వాద్యం ఎక్కడినుంచి వచ్చినది అన్నది మొదటి ప్రశ్న మాత్రమే; దానిచేత నీవు ఏమి పలికిస్తున్నావు అన్నది చివరి ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు ఓడల చరిత్రలో దొరుకుతుంది. చివరి ప్రశ్నకు జవాబు మాత్రం తెల్లవారుజామున లేచి తంత్రికి శ్రుతి పట్టి, తప్పిన స్వరాన్ని నూరుసార్లు సరిదిద్దుకొనే సాధకుని వేళ్లలోనే ఉన్నది. ఉర్దూ పద్యమైనా, తెలుగు కీర్తనమైనా, విశాఖ కుర్రవాని గిటారు పాటయినా ఆ వేళ్లకు లోబడే బ్రతకాలి. విద్యార్థి మిత్రులు ఏ విద్యను చేపట్టినా, చూపు చాలని ఒక బాలుడు చెవిని నమ్ముకొని మెట్లులేని తంత్రిమీద సరియైన చోట వేలు వేసిన సంగతి మరువకుందురు గాక.